బయట అడుగుతున్న న్యాయం ఇంట్లోనూ చేయండి: దేశ వాతావరణ లక్ష్యాలపై కేంద్ర ప్రభుత్వానికి బహిరంగ లేఖ

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖకు, విదేశీ వ్యవహారాల శాఖకు, ఆర్థిక శాఖకు, హోం శాఖలోని విపత్తు నిర్వహణ విభాగానికి,

ఆర్యా,

గోదావరి డెల్టాలో, కాలువ నీళ్లు అందరికంటే ఆఖరున చేరే ఒక శివారు ఊరి నుంచి ఈ లేఖ రాస్తున్నాను. ముప్పై ఏళ్లు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. భూతాపం గురించీ పారిస్ ఒప్పందం గురించీ నల్లబల్ల మీద రాసి పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. మొంథా తుఫాను తర్వాత మా ఊరి కౌలు రైతులూ వేటకు వెళ్లే కుటుంబాలవారూ వంద మందికి పైగా సంతకాలు, వేలిముద్రలు వేసిన అర్జీని నేనే రాసి పై స్థాయి కార్యాలయం ఒకదానికి పంపాను. అందినట్టు ఒక నంబరు వచ్చింది. నెలన్నర తర్వాత ఆ నంబరు ఎదురుగా ‘పరిష్కరించబడినది’ అన్న మాట కనిపించింది. ఏది పరిష్కారమైందో మాలో ఎవరికీ అర్థం కాలేదు. అందువల్ల అదే విషయాన్ని, ఈసారి నలుగురూ చదివేలా, మీ ముందు పెడుతున్నాను.

అంతర్జాతీయ సదస్సుల్లో మన దేశం తీసుకుంటున్న వైఖరిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సగటు భారతీయుడి వాటాకు వచ్చే కార్బన్ డయాక్సైడు ఏడాదికి సుమారు రెండు టన్నులు, అంటే ప్రపంచ సగటులో సగం కూడా లేదు. పారిశ్రామిక యుగం నుంచి ఆకాశంలో పోగుపడిన దానిలో మన వాటా నూటికి నాలుగు పాళ్లని మీ పత్రాలే చెబుతున్నాయి. తక్కువ చెరుపు చేసినవాడు ఎక్కువ నష్టపోతున్నాడు, కాబట్టి ఎక్కువ చెరుపు చేసినవాడు సొమ్ము ఇవ్వాలి అన్న వాదాన్ని 1992 రియో సదస్సు నాటి నుంచీ మనం వినిపిస్తూనే ఉన్నాం. 2024 నవంబరులో బాకూ వాతావరణ సదస్సులో వర్ధమాన దేశాలు ఏడాదికి 1.3 ట్రిలియన్ డాలర్లు అవసరమని అడిగితే, 2035 నాటికి 300 బిలియన్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు తేల్చినప్పుడు, అది కంటిభ్రమ తప్ప మరేమీ కాదని మన ప్రతినిధి సభలోనే లేచి చెప్పారు. టీవీలో ఆ వార్త చూసి నేను సంతోషించాను.

నా ఫిర్యాదల్లా ఒక్కటే. బయట మనం ఏ న్యాయాన్ని అడుగుతున్నామో, దాన్ని ఇంట్లో మన పేదవాడు అడిగితే, బయట మనం వింటున్న జవాబే అతనికి ఇస్తున్నారు. ఆ మాట ఎందుకు అంటున్నానో కింది అంశాల్లో వివరిస్తాను.

1. పరిహారమా, సాయమా అన్న సంగతి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పటికి మా వరి పాలుపోసుకుని గింజ గట్టిపడే దశలో ఉంది. తెల్లవారి చూస్తే చేలన్నీ ఒకే వైపుకి, తలదువ్వినట్టు, నేలవాలి ఉన్నాయి. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, నాలుగైదు దుబ్బులను కలిపి లేపి, వాటి ఆకుతోనే ముడివేసి నిలబెట్టడం మొదలుపెట్టారు మావాళ్లు. అలా ఒక మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగి లేస్తే ఎన్ని సెంట్లు అవుతుందో సాగు చేసినవారికే తెలుస్తుంది. లేపలేనిచోట నీటిలో మునిగిన కంకి మీదే మొలక వచ్చింది. ఆరని చేలోకి మామూలు కోత మిషను దిగదు కాబట్టి చైను మిషను కోసం ఎదురుచూపులు, దానికి ఎక్కువ కిరాయి, ఆ తర్వాత కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందని బస్తాలు వెనక్కి. ఇదంతా పడినవాడు భూమి యజమాని కాడు, కౌలు రైతు. కౌలు బస్తాలు తుఫానుకు ముందే మాట్లాడుకున్నవి, వాటిలో గింజ తగ్గదు.

ఇక ప్రభుత్వం ఇచ్చేది చూద్దాం. 2022–26 కాలానికి కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పంట 33 శాతానికి పైగా దెబ్బతింటేనే ఇన్‌పుట్ సబ్సిడీకి అర్హత. నీటి వసతి ఉన్న భూమికి అది హెక్టారుకు 17,000 రూపాయలు, అంటే ఎకరాకు ఏడు వేల లోపే. అది కూడా కాగితం మీద సాగుదారు ఎవరని ఉంటే వారికే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగు హక్కు కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పుడుతుందేమోనన్న భయంతో యజమానులు పెట్టరు. మా ఊళ్లో పాతికేళ్లుగా ఒకే చేను చేస్తున్న ఒక కౌలు రైతు, నష్టం రాయడానికి వచ్చినవారికి గట్టు మీద నిలబడి తన పంటను తానే చూపించాడు. జాబితా వచ్చాక చూస్తే ఆ చేను ఎదురుగా హైదరాబాదులో ఉంటున్న యజమాని పేరుంది.

ఈ సొమ్ము గురించి కేంద్రం పార్లమెంటులో పలుమార్లు చెప్పిన మాట ఏమిటంటే, ఇది ఉపశమనమే గానీ నష్టపరిహారం కాదని. ఈ మాట నాకు వేరే చోట విన్నట్టు అనిపించింది. 2015లో పారిస్ ఒప్పందంలో నష్టం, హాని గురించిన అధికరణాన్ని చేర్చేటప్పుడు, దాన్ని ఆధారం చేసుకుని ఎవరూ పరిహారం అడగకూడదని సంపన్న దేశాలు పక్కనే ఒక తీర్మానం రాయించుకున్నాయి. 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ సదస్సులో నష్టానికి ప్రత్యేక నిధి పెట్టడానికి ఒప్పుకున్నప్పుడు కూడా బాధ్యత, పరిహారం అన్న పదాలు దరిదాపుల్లో లేకుండా చూసుకున్నాయి. ‘దయతో ఇస్తాం, హక్కుగా అడగకండి’ అన్న ఆ ధోరణిని మనం అక్కడ ఖండించాం. అదే వాక్యం కొద్ది మార్పుతో మా ఊరి గట్టు మీదకు వచ్చింది.

2. అప్పును సాయంగా లెక్కకట్టడం.

2015లో మన ఆర్థిక శాఖ ఒక చర్చాపత్రం వెలువరించింది. సంపన్న దేశాలు ఏటా 57 బిలియన్ డాలర్ల వాతావరణ సాయం అందించామని చెప్పుకుంటే, అప్పులనూ పాత పద్దులనూ కొత్త పేర్లతో కలిపి చూపిన లెక్క అదని, నిజంగా చేతికి వచ్చింది 2.2 బిలియన్లేనని ఆ పత్రం వాదించింది. చక్కటి వాదన. కానీ 2024 జూలై 30న వయనాడ్‌లో కొండ విరిగిపడి ముండక్కై, చూరల్‌మల ఊళ్లు కొట్టుకుపోయాక, ఆ ప్రాంత పునర్నిర్మాణానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం కేరళకు మంజూరు చేసిన 529.50 కోట్ల రూపాయలు అప్పే. వడ్డీ లేదు, తీర్చడానికి 50 ఏళ్లు గడువుంది, కాదనను. అయితే ఆ సొమ్మును మార్చి 31లోగా, అంటే ఆరేడు వారాల్లో, ఖర్చు చేయాలని షరతు పెట్టారు. ఏ సంపన్న దేశమైనా ఒక ద్వీప దేశానికి ఇలాంటి షరతుతో ఇలాంటి అప్పు ఇచ్చి, దాన్ని వాతావరణ సాయం కింద రాసుకుంటే మన ప్రతినిధి ఊరుకునేవారా?

3. వడగాలులు.

2015 మే నెలలో దేశంలో రెండు వేల మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. అయినా కేంద్రం, రాష్ట్రాల మధ్య నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం కాలమంతా, అంటే 2021–26 వరకు, విపత్తు నిధికి అర్హమైన జాతీయ జాబితాలో చలిగాలులు ఉన్నాయి గానీ వడగాలులు లేవు. రాష్ట్రం తన విపత్తు నిధిలో పదో వంతుకు మించకుండా స్థానిక విపత్తుల కింద వాడుకోవచ్చని మాత్రం వెసులుబాటు ఇచ్చారు. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి మృతుల కుటుంబాలకు 4 లక్షలు ఇస్తామంది. అదే ఎండ, అదే ఉపాధి పని, అదే తట్టా పారా. రాష్ట్ర సరిహద్దుకు ఇవతల చనిపోయినవారికి ఒక లెక్క, అవతలివారికి మరొక లెక్క కావడం కేంద్రం మౌనం వల్లనే.

4. యాభై శాతం అన్న అంకె.

2021 నవంబరు 1న గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధానమంత్రి అయిదు హామీలు ప్రకటించారు. 2030 నాటికి శిలాజేతర, అంటే బొగ్గు, చమురు, గ్యాసు కాని, విద్యుత్ సామర్థ్యం 500 గిగావాట్లకు చేరడం, ఇంధన అవసరాల్లో సగం పునరుత్పాదక వనరుల నుంచే తీరడం, ఉద్గారాల అంచనాలో వంద కోట్ల టన్నులు తగ్గడం, స్థూల ఉత్పత్తితో పోల్చిన ఉద్గార తీవ్రత 2005 నాటికంటే 45 శాతం తగ్గడం, 2070కి నెట్ జీరో, అంటే వదిలే కార్బనూ తిరిగి పీల్చుకునే కార్బనూ సమానం కావడం. మరుసటి ఏడాది ఆగస్టులో ఐక్యరాజ్యసమితికి లిఖితపూర్వకంగా ఇచ్చిన ఎన్‌డీసీ, అంటే దేశ వాతావరణ లక్ష్యాల, పత్రంలో వీటిలో కొన్నే మిగిలాయి. 500 గిగావాట్లూ వంద కోట్ల టన్నులూ అంకెల లక్ష్యాలుగా కనబడలేదు. ‘ఇంధన అవసరాల్లో సగం’ అన్నది ‘విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం’గా మారింది.

ఆ సగాన్ని 2025 మధ్యలోనే, గడువుకు అయిదేళ్ల ముందే చేరుకున్నామని ప్రకటించారు. మొత్తం 485 గిగావాట్లలో 243 గిగావాట్లు శిలాజేతరమని లెక్క. సంతోషమే, అది చిన్న పని కాదు. అయితే కాలువ తవ్వడం వేరు, కాలువలో నీరు పారడం వేరని శివారు రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. దేశంలో ఉత్పత్తయ్యే కరెంటులో ఇప్పటికీ నూటికి సుమారు డెబ్బై పాళ్లు బొగ్గుదే. రాత్రిపూట సౌర పలక పనిచేయదు, నిల్వ ఏర్పాట్లు చాలినంత లేవు, రాజస్థాన్‌లో లైన్లు చాలక ఎండ కాసే వేళే సౌర విద్యుత్తును ఆపేయాల్సి వస్తోంది. ఇవేవీ దాచిన సంగతులు కావు. అయినా ప్రకటనలో యాభై శాతం మాత్రమే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. సంపన్న దేశాల లెక్కల్లోని గారడీని అంత నిశితంగా పట్టుకోగలిగినవారు, ఇంటి లెక్కను కూడా మాకు అర్థమయ్యేలా రెండు వరుసల్లో, సామర్థ్యం ఎంత, ఉత్పత్తి ఎంత అని, రాయవచ్చు గదా.

5. బొగ్గు ఊళ్లు.

గ్లాస్గోలోనే బొగ్గును ‘నిలిపివేయడం’ అన్న మాటను ‘తగ్గించడం’గా మన దేశం మార్పించింది. దాన్ని నేను సమర్థిస్తాను. చమురు, గ్యాసు జోలికి పోకుండా పేద దేశాల బొగ్గును మాత్రమే వేలెత్తి చూపడం అన్యాయం. కానీ ఆ మార్పు సాధించి ఏళ్లు గడిచినా, తగ్గించడమంటే ఎక్కడ, ఎప్పుడు, ఎవరి పని పోయి ఎవరికి ఏ పని వస్తుందన్నది ఎవరూ చెప్పలేదు. 2024–25లో బొగ్గు ఉత్పత్తి వంద కోట్ల టన్నులు దాటింది. ఈరోజు ఇరవై ఏళ్ల వయసులో కొత్తగూడెం, మంచిర్యాల, గోదావరిఖని ప్రాంతాల్లో కాంట్రాక్టు పనికి చేరిన కుర్రవాడికి 2070 నాటికి అరవై దాటుతుంది. అంటే నెట్ జీరో వైపు నడిచే దారి మొత్తం అతని పనిచేసే వయసే. భూగర్భ బావులు మూతపడి ఓపెన్‌కాస్టులు వచ్చిన కొద్దీ పర్మినెంటు ఉద్యోగాలు తగ్గి కాంట్రాక్టు పని పెరిగింది. పర్మినెంటు కార్మికుడి ఇంట్లో వారసులకు వచ్చే డిపెండెంటు ఉద్యోగమన్న ఆశ అయినా ఉంది, కాంట్రాక్టు కార్మికుడికి అదీ లేదు. పారిస్ ఒప్పందం పీఠికలోనే కార్మికులకు న్యాయమైన పరివర్తన అన్న మాట ఉంది. ఆ మాటకు సింగరేణి ప్రాంతంలో అర్థం ఏమిటో ఒక పేజీ అయినా రాసి ఇవ్వండి.

6. బొగ్గు మీద వేసిన సుంకం ఏమైంది?

ఇది చాలామందికి గుర్తు లేదు. 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయల చొప్పున స్వచ్ఛ ఇంధన సుంకం మొదలుపెట్టి, 2016 నాటికి 400 చేశారు. ఆ సొమ్ముతో స్వచ్ఛ ఇంధన నిధి పెట్టారు. 2017–18 వరకు వసూలైంది 86 వేల కోట్లకు పైగా, అందులో నిధికి బదిలీ అయింది 30 వేల కోట్లకు కాస్త తక్కువ, ప్రాజెక్టులకు ఖర్చయింది సుమారు 16 వేల కోట్లు. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ 400 రూపాయలూ, రాబడి తగ్గే రాష్ట్రాలకు ఇచ్చే పరిహారం కోసం వేసే సుంకంగా మారాయి. 2025 సెప్టెంబరులో అదీ పోయి, బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతమైంది. స్వచ్ఛ ఇంధనం పేరు చెప్పి వసూలు చేసిన దానిలో అయిదో వంతు కూడా ఆ పనికి చేరలేదన్నమాట. సంపన్న దేశాలు 2009లో మాట ఇచ్చిన 100 బిలియన్ డాలర్లను 2020 నాటికి ఇవ్వలేదని మనం ప్రతి సదస్సులోనూ గుర్తుచేస్తాం. గుర్తుచేయాలి కూడా.

7. తీరం.

విపత్తులను తట్టుకునే మౌలిక సదుపాయాల కోసం 2019లో ఒక అంతర్జాతీయ కూటమిని మనమే స్థాపించాం. సౌర కూటమి 2015లోనే పుట్టింది, దాని కార్యాలయం గురుగ్రామ్‌లోనే ఉంది. ఈ చొరవ మెచ్చుకోదగినదే. కానీ ఉప్పాడ వెళ్లి చూడండి. కాకినాడ–ఉప్పాడ రోడ్డు తుఫాను వచ్చిన ప్రతిసారీ కోతకు గురవుతుంది, జియోట్యూబులతో, అంటే ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులతో, కట్టిన గోడ చెదిరిపోయింది, సగం గోడ సముద్రంలో, సగం గోడ వీధిలో ఉన్న ఇళ్లు కనబడతాయి. దేశ తీరంలో సుమారు మూడో వంతు కోతకు గురవుతోందని కేంద్రం సంస్థే తేల్చింది. కోత వల్ల ఇల్లు పోయినవారి పునరావాసానికి జాతీయ నిధి నుంచి సొమ్ము ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. తుఫాను ఒక రాత్రి వచ్చి పోతుంది కాబట్టి దానికి లెక్క ఉంది. ఏటా ఒక వరుస ఇళ్లను తినే కోతకు ఏ రోజు తారీఖు వేసి నష్టం రాయాలో మా అధికారులకే తెలియదు.

ఇవీ సంగతులు. ఇక మా డిమాండ్లు.

ఒకటి, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లోనే ఉందని సుప్రీంకోర్టు 2024లో రంజిత్‌సింహ్ కేసులో చెప్పింది. దానికి ప్రత్యేకమైన చట్టం దేశంలో లేదనీ అదే తీర్పులో గుర్తించింది. ఆ చట్టం తీసుకురావాలి. అందులో లక్ష్యాలు, వాటి గడువులు, ఏటా పార్లమెంటుకు నివేదిక ఇచ్చే స్వతంత్ర సంఘం ఉండాలి. గ్లాస్గోలో నోటితో చెప్పినవన్నీ అందులో రాతపూర్వకంగా ఉండాలి, లేదా ఏవి వదిలేశారో, ఎందుకు వదిలేశారో చెప్పాలి.

రెండు, వాతావరణ విపత్తులో పోయిన పంటకు, పడవకు, వలకు, ఇంటికి, పనిదినానికి ఇచ్చేది దయగా కాక హక్కుగా, సాగు ఖర్చుతో ముడిపెట్టి ఇవ్వాలి. సాగు చేసిన వ్యక్తిని గుర్తించడానికి యజమాని సంతకం అవసరం లేకుండా, ఏ చేను ఎవరు సాగు చేస్తున్నారో రాసే ఈ-పంట నమోదు, ఇరుగుపొరుగు సాక్ష్యం చాలునని కేంద్ర నిబంధనల్లోనే రాయాలి. రాష్ట్రాల పునర్నిర్మాణానికి ఇచ్చే సొమ్ము గ్రాంటుగా ఉండాలి. వడగాలులు, తీరకోత జాతీయ జాబితాలో పూర్తి స్థాయి నిధితో చేరాలి.

మూడు, స్వచ్ఛ ఇంధన సుంకం పేరిట వసూలైన దానిలో ఖర్చు కాని మొత్తానికి సమానమైన సొమ్మును బొగ్గు జిల్లాల కార్మికులకు, ముఖ్యంగా కాంట్రాక్టు కార్మికులకు, కొత్త పనులూ శిక్షణా కల్పించడానికి కేటాయించాలి. గనుల నుంచి వసూలయ్యే జిల్లా ఖనిజ నిధిని ప్రహరీ గోడలకు, సిమెంటు రోడ్లకు కాక ఇందుకు వాడేలా నిబంధన పెట్టాలి.

నాలుగు, విదేశీ వ్యవహారాల శాఖకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఏటా జరిగే ప్రతి కాప్ వాతావరణ సదస్సుకు ముందు మన వైఖరి పత్రాన్ని పార్లమెంటులో పెట్టి, తీర రాష్ట్రాలతో చర్చించి, ఆ తర్వాతే బయలుదేరాలి. నష్టం, హాని నిధి నుంచి మన దేశానికి ఎప్పుడైనా సొమ్ము వస్తే అది ఢిల్లీలో ఆగకుండా పంచాయతీ దాకా చేరే దారి ముందే ఖరారు చేయాలి. 2025 ఫిబ్రవరితో గడువు ముగిసిన 2035 లక్ష్యాల పత్రాన్ని మనం ఆ గడువులోగా ఇవ్వలేకపోయాం. ఇకముందు ఇలాంటి పత్రాల ముసాయిదాను తెలుగులోనూ మిగిలిన భాషల్లోనూ అచ్చువేసి గ్రామసభల్లో చదివి వినిపించాలి. మా ఊరి సభకు నేనే చదివి పెడతాను, అదనపు ఖర్చు ఏమీ ఉండదు.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైతే పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మావాళ్లంతా ఊళ్లోనే ఉంటారు. ఆ రోజుకల్లా జవాబు వస్తే అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించడానికి వీలుగా ఉంటుంది. మా పాత అర్జీ ప్రతిని, దాని నంబరుతో సహా, దీనికి జతపరుస్తున్నాను. ముందుగా ఆ నంబరు ఎదురుగా ఉన్న ‘పరిష్కరించబడినది’ అన్న మాటను తీసేసి, ‘పరిశీలనలో ఉన్నది’ అని మార్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
గోదావరి డెల్టా నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అర్జీదారుల తరఫున